నలభై అడుగుల అభ్యంతరం

నేల మీద నిలబడి ఉన్న విమానం నలభై అడుగుల ఎత్తులో ఉందని ఆడిట్ వాళ్ళు కనిపెట్టిన రోజున గేదెల తవిటినాయుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళలేకపోయాడు.

విమానం ఒక్కటే. తొమ్మిది సీట్లది, రెండు ప్రొపెల్లర్లది. రాష్ట్ర గగన సేవా మండలి అనే సంస్థకి ఎగిరే ఆస్తి అదొక్కటే. మిగతాదంతా కుర్చీల్లో కూర్చునే ఆస్తి. ఏజెన్సీ కొండల్లో ప్రాణం మీదికొచ్చిన రోగుల్ని ఎక్కించుకొచ్చి కొండవలస ఎయిర్‌స్ట్రిప్‌లో దింపడం ఆ విమానం పని. అక్కణ్ణించి పెద్దాసుపత్రి ఎంతో దూరం కాదు. దాన్ని నడిపేది కెప్టెన్ సుగుణ. దాని బాగోగులు చూసి, ఎగరొచ్చు అని సంతకం పెట్టేది మెయింటెనెన్స్ మేనేజర్ తవిటినాయుడు. ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు.

"నా సంతకం మీద నా పెళ్ళాం ఎగురుతుంది. అందుకని మా ఇంట్లో తగువులన్నీ సంతకానికి ముందే తెగిపోతాయి" అని నాయుడు కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుండేవాడు.

ఆడిట్ అధికారి ముక్కామల సీతాపతి నిటారైన మనిషి. పరాయి చోట మంచినీళ్ళు కూడా తాగడు. ఫ్లాస్కు వెంట తెచ్చుకుంటాడు. ఆయన పెన్నుకి మూత పెట్టగా చూసినవాళ్ళు లేరు. ఆ రోజు సీట్లు లెక్కపెట్టి, బెల్టులు లాగి చూసి, కాక్‌పిట్‌లో దూరి పైలట్ సీట్లో కూర్చున్నాడు. ఒక్కో డయలునీ వేలితో తాకుతూ వచ్చి ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇదేమిటి?"

"రాడార్ ఆల్టిమీటరండి" అన్నాడు వెనక వంగి నిలబడ్డ నాయుడు. "విమానం పొట్ట కిందనుంచి నేల మీదికి రేడియో తరంగం వదులుతుంది. అది తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి నేల ఎన్ని అడుగుల కింద ఉందో చెబుతుంది. మంచు పట్టినప్పుడు మాకు ఇదే కళ్ళు."

"ఈ బొత్తాం?"

"తన ఆరోగ్యం తనే చూసుకునే బొత్తామండి. అది నొక్కితే..."

సీతాపతి అప్పటికే నొక్కేశాడు. సున్నా దగ్గరున్న సూది చకచకా లేచి నలభై మీద నిలబడింది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. దిగి వెళ్ళి చక్రం పక్కన గొంతుక్కూర్చుని సిమెంటు నేలని అరచేత్తో తట్టాడు. మళ్ళీ ఎక్కి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నలభై.

"నాయుడు గారూ, మనం ప్రస్తుతం నేల మీదే ఉన్నామా?"

"ఉన్నామండి."

"ఇది మీ అభిప్రాయమా, నిర్ధారణా?"

నాయుడు ఓపిక తెచ్చుకున్నాడు. "అది పరీక్షండి. బొత్తాం నొక్కగానే ఆ డబ్బా తనకి తనే ఒక ఉత్తుత్తి సంకేతం ఇచ్చుకుంటుంది. దానికి జవాబు నలభై అని మనకి ముందే తెలుసు. లోపల అన్నీ సవ్యంగా ఉంటే నలభై చూపిస్తుంది. ఏ చిన్న లోపమున్నా సూదిని దాచేసి డయలు మీదికి ఎర్రజెండా దింపుతుంది. నన్ను నమ్మకండి అని తనే చెప్పేస్తుందన్నమాట."

"అంటే జవాబు మీకు ముందే తెలుసు."

"తెలుసండి."

"పరికరానికీ తెలుసు."

"తెలుసనే అనుకోవాలండి."

"ప్రశ్న కూడా అదే వేసుకుంటుంది."

"అవునండి."

"మా అబ్బాయి ఇలా పాసైతే కాలేజీ వాళ్ళు డిబార్ చేశారు" అన్నాడు సీతాపతి విచారంగా, రాసుకుంటూ.

సాయంత్రానికి అభ్యంతరం తెలుపుతూ ఆడిట్ పేరా వచ్చింది. పదిహేడో నంబరుది. "విమానము నేలపై నిలిచియుండగా పరికరము నలభై అడుగులు సూచించినది. ఇట్టి వ్యత్యాసము ఎప్పటినుండి కొనసాగుచున్నదో, ఇంతవరకు ఎన్ని అడుగులు అధికముగా చూపబడినవో సంజాయిషీ ఇవ్వవలెను. పేరా పరిష్కారమగు పర్యంతము సదరు ఆస్తిని వినియోగించరాదు, విప్పరాదు." విమానం డోరుకీ, కాక్‌పిట్ డయళ్ళ వెనక పలకకీ లక్క సీళ్ళు పడ్డాయి.

ఆ రోజు నుంచి ఏజెన్సీ రోగులు ఘాట్ రోడ్డు మీద జీపుల్లో రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు వచ్చారు.

నాయుడు సంజాయిషీ రాశాడు. అందులో రెండు బొమ్మలు కూడా గీశాడు. "బొమ్మలు బాగున్నవి. అభ్యంతరము కొనసాగుచున్నది" అని తిరుగుటపా వచ్చింది. తయారీ కంపెనీ ఇచ్చిన పుస్తకం జతచేసి మళ్ళీ రాశాడు. "నిందితుని వాంగ్మూలమును సాక్ష్యముగా స్వీకరింపజాలము" అని జవాబొచ్చింది.

చివరికి మండలి మేనేజింగ్ డైరెక్టర్ కమలాకర వర్మ గారు సమావేశం పెట్టారు. వర్మ గారు అంతకుముందు చేపల శాఖలోనూ, అంతకుముందు గ్రంథాలయాల శాఖలోనూ సంస్కరణలు తెచ్చిన మనిషి. ఏ శాఖకి వెళ్ళినా ఆయన గోడకి అంటించే వాక్యం ఒకటే: సమస్య అనేది లేదు, పరిష్కారం ఆలస్యం కావడం ఉంది.

"మిత్రులారా" అన్నారాయన. "పారదర్శకత, జవాబుదారీతనం, సమగ్ర దృక్పథం. ఈ మూడింటి వెలుగులో ఈ నలభై అడుగుల్ని ఎలా సమన్వయం చేయగలం? నాయుడు గారూ, సూది సున్నా చూపేలా మార్చలేమా?"

"మారిస్తే అది పరీక్ష కాదు సార్. ఏమీ పనిచేయకపోయినా సూది సున్నా దగ్గరే పడుంటుంది. బాగుందో చచ్చిందో తెలీదు."

"అయితే సూదిని మార్చలేం. ఆడిట్‌నీ మార్చలేం."

నాయుడు ఆ పొద్దున్నే కొండమీంచి జీపులో తీసుకొచ్చిన ఒక ముసలాయన సగం దారిలో పోయాడని విని ఉన్నాడు. "ఒకటే దారుంది సార్" అన్నాడు వెటకారంగా. "సూది నలభై అంటోంది కాబట్టి విమానాన్నే నలభై అడుగుల ఎత్తున పెట్టి బొత్తాం నొక్కుదాం. లెక్క సరిపోతుంది."

 నాయుడు నాలిక కరుచుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు.

వర్మ గారు మెల్లగా లేచి నిలబడ్డారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో" అన్నారు గద్గదంగా, "సమస్యని ఇంత ఎత్తునుంచి చూసిన అధికారిని నేను చూడలేదు."

అప్పుడైనా నాయుడు నోరు తెరిచి, వేళాకోళానికన్నాను సార్ అనాల్సింది. కానీ ఎండీ గారు అంతవరకూ తనని 'ఆ ఇంజన్ల మనిషి' అనే పిలిచేవారు. ఇప్పుడు వచ్చి భుజం మీద చెయ్యేశారు. నాయుడు ఆ చెయ్యి బరువుకి కాస్త వంగి, "ఏదో సార్, తోచింది చెప్పాను" అన్నాడు. సూచన: మేనేజర్ శ్రీ జి. తవిటినాయుడు అని సమావేశం మినిట్స్‌లో ఎక్కింది.

రన్‌వే పక్కన నలభై అడుగుల స్వీయపరీక్షా వేదిక లేచింది. ఎంత చురుగ్గా లేచిందంటే, టెర్మినల్ మరుగుదొడ్డికి తలుపు పెట్టమని నాలుగేళ్ళుగా అడుగుతున్న సిబ్బంది తమ అభ్యర్థనని కూడా నలభై అడుగుల ఎత్తున రాసి ఉండాల్సిందని బాధపడ్డారు. రోడ్ల కాంట్రాక్టరు దగ్గర్నుంచి పెద్ద క్రేన్ తెప్పించారు. దాన్ని నడిపేది పాలవలస అప్పలకొండ. విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసి నాయుడు దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఇమానాన్నేటి, ఏనుగునైనా లేపేత్తాను. గానీ దీనికి రెక్కలున్నాయి కదేటి? అదే ఎగిరి మీద కూకోలేదా?"

"సీలేశారు అప్పలకొండా. ఎగరకూడదు."

"ఎగరకూడదు, మరి ఎత్తొచ్చునా?"

"ఎత్తొద్దని రాయలేదు."

అప్పలకొండ తల గోక్కున్నాడు. "సదూకున్నోళ్ళు బాబూ మీరు. నాను ఎత్తడం ఒరకే."

బెల్టులు కట్టి విమానాన్ని లేపి వేదిక మీద నిలబెట్టారు. కింద షామియానా, మైకు, కొబ్బరికాయ. వర్మ గారు మాట్లాడుతూ, ప్రపంచంలో ఇప్పటిదాకా పరికరాలని వాస్తవానికి సరిపెట్టేవారనీ, వాస్తవాన్నే పరికరం స్థాయికి తీసుకెళ్ళిన ఘనత మన మండలిదేననీ సెలవిచ్చారు. చప్పట్లు. సీతాపతి నిచ్చెనెక్కి కాక్‌పిట్‌లో కూర్చున్నాడు. వెనక నాయుడు.

బొత్తాం నొక్కాడు. నలభై.

సీతాపతి కిటికీలోంచి కిందికి చూశాడు. "సరిపోయినది" అన్నాడు. కింద మళ్ళీ చప్పట్లు, ఈసారి పెద్దవి. నాయుడు ఊపిరి పీల్చుకున్నాడు. రేపట్నుంచి ఎగరొచ్చు.

సీతాపతి బొత్తాం మీంచి వేలు తీశాడు. సూది సున్నాకి పడిపోయింది.

సీతాపతి ఒకసారి కిందికి, ఒకసారి డయలు కేసి చూశాడు.

"నలభై అడుగుల ఎత్తున ఉన్నాం" అన్నాడు సీతాపతి, ఒక్కో మాటా తూచినట్టు. "ఇది సున్నా అంటోంది."

"చక్రాల కింద వేదిక ఉంది కదండి! అది వేదిక దాకానే చూస్తుంది. దానికదే నేల."

"వేదిక నేల ఎలా అవుతుంది నాయుడు గారూ? నేల రెవెన్యూ వారిది. వేదిక మీ మండలిది. పరీక్ష చేస్తే నిజం చెబుతోంది, పరీక్ష లేనప్పుడు అబద్ధమాడుతోంది. ఇది మొదటిదాని కన్నా తీవ్రమైన లక్షణం."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే సుగుణ మొదట పగలబడి నవ్వింది. మర్నాడు పొద్దున్న చోడి అంబలి గిన్నెలో పోస్తూ మాత్రం నవ్వలేదు.

"నిన్న కాన్పు మనిషిని జీపులో తెస్తుంటే మలుపుల్లోనే పుట్టేసిందట పిల్ల. తల్లికి రక్తం ఆగలేదు. ఆసుపత్రి గేటు దాకా వచ్చింది గానీ..." ఆమె ఆపేసింది. "అసలు ఈ నలభై అడుగుల పెంట ఎవడి బుర్రలో పుట్టింది నాయుడా?"

నాయుడు అంబలి మింగాడు. ఉల్లిపాయ కొరికాడు. "మీటింగులో ఎవరో అన్నారు" అన్నాడు.

"ఎవడో గానీ, వాణ్ణి ఆ వేదిక మీదే కట్టేయాలి."

ఇంకో ఉల్లిపాయ కొరికాడు నాయుడు.

రెండో సమావేశంలో పరిష్కారం సులువుగానే దొరికింది. వేదిక అడ్డొస్తోంది కాబట్టి వేదిక లేకుండా నలభై అడుగుల ఎత్తు కావాలి. అంటే విమానాన్ని క్రేన్‌కే వేలాడదీయాలి. అప్పుడు బొత్తాం నొక్కితే నలభై, నొక్కకపోయినా నలభై. వర్మ గారు దీనికి ద్విముఖ ఏకవాక్యత అని పేరు పెట్టారు. మరి కట్టిన వేదిక? వేలాడే విమానాన్ని చూడ్డానికొచ్చే ప్రముఖులు కూర్చోవడానికి గ్యాలరీ అయింది.

ఆ రోజు సముద్రం మీంచి గాలి తిరిగింది. అప్పలకొండ అప్పటికీ చెప్పాడు, "గాలి వాటంగా లేదు బాబూ, ఊగుద్ది" అని. ముహూర్తం ఉంది కానిమ్మన్నారు. సీతాపతి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని పైలట్ సీట్లో బెల్టు బిగించుకున్నాడు. ఆయన భయపడలేదు. ఆ మాట చెప్పుకోవాలి. అబద్ధం ఎక్కడుంటే అక్కడికి వేలాడుతూనైనా వెళ్ళే మనిషి. నాయుడు పక్క సీట్లో కూర్చుని ఇంటి దేవతని తలుచుకున్నాడు.

విమానం లేచింది. ఊగింది. గ్యాలరీలో ప్రముఖులు ఆహా అన్నారు. తోక గిర్రున తిరిగి వేదిక అంచుకి దబ్బున తగిలింది. ఓహో అన్నారు.

"ఇప్పుడు నొక్కకుండా ఎంత?" అన్నాడు సీతాపతి.

సూది నలభైకి అటూ ఇటూ ఊగి, ఒకసారి వణికింది. అంతలో ఎక్కడో లోపల చిన్న 'టక్'. సూది కనిపించకుండా పోయింది. దాని చోట డయలు మీదికి ఎర్రజెండా జారింది.

"బొత్తాం నొక్కుతున్నాను" అన్నాడు సీతాపతి. నొక్కాడు. జెండా కదల్లేదు. "ఏమైంది?"

"చెడిపోయిందండి!" అన్నాడు నాయుడు. "ఆ కుదుపుకి లోపల ఏదో వదులైంది. తను చెడిపోయానని అదే చెబుతోంది. ఇందాక చెప్పానే, నమ్మకండి అంటుందని!"

"అంకె ఏమైనా చూపిస్తోందా?"

"లేదండి. దాచేస్తుంది."

"నొక్కితే?"

"చూపించదు."

"నొక్కకపోతే?"

"చూపించదండి."

సీతాపతి మొహం మీద నాయుడు ఎన్నడూ చూడని వెలుగొకటి వ్యాపించింది. "అంకె లేనప్పుడు వ్యత్యాసం ఎక్కడిది?" అన్నాడు. పెన్ను తీసి, గాల్లో ఊగుతూనే, పేరా పదిహేడు పరిష్కృతము అని రాసి సంతకం పెట్టాడు.

నేల మీదికి దింపాక కూడా ఎర్రజెండా అలాగే ఉంది. వర్మ గారు స్వయంగా ఎక్కి చూశారు. "నేల మీదా ఇదే మాట, గాల్లోనూ ఇదే మాట. అడిగినా ఇంతే, అడగకపోయినా ఇంతే. ఇంత నిలకడ నేను నా సహోద్యోగుల్లో చూడలేదు" అన్నారు. డయలుకి బంతిపూల దండ వేశారు. నిష్కళంక పరికరం అని ప్రశంసాపత్రం రాయించి కాక్‌పిట్‌లో అంటించారు. ఇంతటి ఆదర్శస్థితి చెదరకూడదని వెనక పలక మీద పాత సీలు పక్కన తన సీలు కూడా వేయించారు.

"సార్, అది పనిచెయ్యట్లేదు" అన్నాడు నాయుడు.

"పనిచేయడం వేరు, అభ్యంతరం లేకపోవడం వేరు నాయుడు గారూ. మొదటిది చాలా పరికరాలు చేస్తాయి."

"పలక విప్పి చూడనివ్వండి."

"విప్పితే ఏమంటారు? చెడిపోయిందంటారు. ఆడిట్ మచ్చలేదన్నదాన్ని మన మండలి చెడిపోయిందంటే ఎవరు తప్పు చెప్పినట్టు?"

మర్నాడు పొద్దున్నే కొండమీంచి కబురొచ్చింది. కాన్పు కష్టమైంది, పిల్ల అడ్డం తిరిగింది, ఘాట్‌లో బండరాళ్ళు పడి దారి మూసుకుపోయింది. ఇక్కడ కొండవలసలో చూస్తే గడ్డి కొసలు కనబడనంత మంచు. వర్మ గారు ఫోన్లో ఉత్సాహంగా, "వెంటనే బయల్దేరండి. సంస్కరణ అనంతరం తొలి ప్రయాణం!" అన్నారు.

సుగుణ హెడ్‌సెట్ మెడలో వేసుకుని కాక్‌పిట్‌లో కూర్చుంది. దండ తీసి పక్కన పడేసింది. ఎర్రజెండా కేసి చూసింది.

"ఇది చచ్చింది నాయుడా."

"తెలుసు."

"మార్చు."

"విప్పాలంటే సీలు తియ్యాలి. తీస్తే రెండు సీళ్ళూ తెంచానని విమానాన్నే ఆపేస్తారు. నువ్వెళ్ళకు. నేను సంతకం పెట్టను."

"కొండ మీద ఎండగా ఉందట, వెళ్ళడం ఎలాగోలా వెళ్తాను. తిరిగొచ్చేసరికి ఇక్కడ ఈ మంచు ఇలాగే ఉంటే నేల ఎక్కడుందో ఎవరు చెబుతారు, ఈ ప్రశంసాపత్రమా?" ఆమె గొంతు తగ్గించింది. "అక్కడ ఆ మనిషి ఆగలేదు. నువ్వు సంతకం పెట్టకపోతే నేనెళ్ళలేను. పెడితే రాలేనేమో. ఏం చేసుకుంటావో చేసుకో, కానీ తొందరగా."

నాయుడు బయటికొచ్చాడు. మంచులో ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఈ సంస్థలో విమానాన్ని విప్పించగలిగినది ఏది? ప్రమాదమా? కాదు. రోగి ప్రాణమా? కాదు. ఒక్కటే. నాయుడు సీతాపతి దిగిన గెస్ట్‌హౌస్ వైపు పరిగెత్తాడు.

సీతాపతి సూట్‌కేసు సర్దుకుంటున్నాడు.

"సార్, మనసు ఆగక వచ్చాను. మీరు వెళ్ళిపోయాక ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు. ఆ డయలులో ఎర్రజెండా ఒకటి కనబడుతోంది కదా."

"కనబడుతోంది."

"మొదటిసారి మీరు ఆస్తులన్నీ సరిచూసినప్పుడు ఆ జెండా ఉందా సార్?"

సీతాపతి చేతిలోని చొక్కా మడత సగంలో ఆగిపోయింది. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. "డయలు ఒకటి. సూది ఒకటి. బొత్తాం ఒకటి." కళ్ళు తెరిచాడు. "జెండా లేదు."

"అదే సార్. ఎక్కణ్ణించొచ్చిందో."

"ప్రభుత్వ పరికరంలో, ఆస్తుల పట్టీకి జమకాని వస్తువు!" సూట్‌కేసు మూత ఫట్టున మూసుకుంది. "దాన్ని తక్షణం స్వాధీనం చేసుకోవాలి. పదండి. ఆ సీళ్ళు నేను తీస్తాను. జమకాని వస్తువు ముందు ఏ సీలూ నిలవదు!"

దారిలో వర్మ గారు ఫోన్లో ఏదో అడ్డు చెప్పబోయారు. "జెండాని తమరు పెట్టించారా?" అని సీతాపతి అడిగేసరికి ఆయన ఫోను పెట్టేశారు.

సీళ్ళు ఊడాయి. నాయుడు పలక విప్పి, చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. యాంటెన్నా నుంచి వచ్చే తీగ మొనకున్న బిరడా మరలు ఊడి వేలాడుతోంది. దాన్ని కుదురుగా కూర్చోబెట్టి బిగించాడు. అంతే. నిన్నటి బంతిపూల దండకీ, ప్రశంసాపత్రానికీ మధ్య ఎవరూ ఇవ్వని అనుమతి ఒక్కటే దానికి కావలసి వచ్చింది. ఇంకా దేనికైనా దెబ్బ తగిలిందేమోనని తోక దాకా తడిమి చూసి వచ్చి, కరెంటు ఇచ్చాడు. ఎర్రజెండా పైకి లేచి మాయమైంది. సూది సున్నా దగ్గర బుద్ధిగా కూర్చుంది. బొత్తాం నొక్కాడు. సూది చకచకా నడిచి నలభై దగ్గర నిలబడింది.

సీతాపతి సూదిని చూశాడు. అలవాటు కొద్దీ కిందికి, చక్రాల వైపు చూశాడు. నోరు తెరిచాడు. పేరా పదిహేడు కింద తన సంతకం ఆరి ఇంకా ఒక రోజే అయింది. దాన్ని తిరగదోడాలంటే ముందు తన మీదే రాసుకోవాలి. నోరు మూశాడు.

"సూది సంగతి అలా ఉంచండి. జెండా ఏదీ?"

"వెళ్ళిపోయిందండి."

"ఎక్కడికి?"

"లోపలికే."

"లోపల చూపించండి."

"అవసరమొస్తేనే బయటికొస్తుందండి."

"నాయుడు గారూ" అన్నాడు సీతాపతి కఠినంగా, "ఇంతకుముందు జమకాని జెండా ఉంది. ఇప్పుడు జమకాని జెండా లేదు. మొదటిది ఆస్తి దోషం. రెండోది వ్యక్తి దోషం. మీరు కదలకండి."

పేరా పద్దెనిమిది విమానం మీద కాదు, తన మీద. విమానం ఎగరొచ్చు అని నాయుడు ఆనందంగా సంతకం పెట్టి కాగితం సుగుణకి అందించాడు. ఆమె డయలు చూసింది, మొగుణ్ణి చూసింది. "ఒంటి మీద కేసు వేయించుకున్నట్టున్నావు."

"నువ్వెళ్ళిరా. ఇక్కడే ఉంటాను. కదలొద్దన్నారు."

విమానం మంచులో కలిసిపోయింది.

విచారణ హ్యాంగర్‌లోనే మొదలైంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన రేడియో. జెండా పొడవెంత, వెడల్పెంత, దానిపై ప్రభుత్వ ముద్ర ఉందా అని సీతాపతి అడుగుతూ పోయాడు. నాయుడు ఒక చెవి ఆయనకిచ్చి రెండో చెవి రేడియోకిచ్చాడు. బయట మంచు అంగుళం కూడా తగ్గలేదు. వేదిక పైభాగం ఎప్పుడో కనబడకుండా పోయింది.

చాలాసేపటికి రేడియో గరగరలాడింది. "కొండవలసా, తల్లిని తెస్తున్నాను. దిగుతున్నాను." దిగేటప్పుడు ఆఖరి అడుగులు పైకి చదవడం సుగుణ అలవాటు. మొగుడు వింటాడని మైకు మీట వదలదు.

"రెండొందలు."

నాయుడు లేచి నిలబడ్డాడు. సీతాపతి కూర్చోమనలేదు.

"వంద... ఎనభై... అరవై..."

ఇంజన్ల మోత దగ్గరయింది. ఏమీ కనబడలేదు.

"నలభై."

సీతాపతి పెన్ను ఆగింది. "ఆవిడ బొత్తాం నొక్కారా?"

"లేదండి."

"మరి నలభై అన్నారే?"

"నలభై అడుగుల ఎత్తున ఉందండి."

సీతాపతి ఆ మాటని జీవితంలో మొదటిసారి వింటున్నట్టు చూశాడు. "ముప్ఫై... ఇరవై... పది" అంది రేడియో. తెల్లటి గోడలోంచి చక్రాలు ఊడిపడ్డట్టు వచ్చి రన్‌వేని మెత్తగా తాకాయి. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నాయుడు తిరిగి చూస్తే సీతాపతి.

అంబులెన్సు తల్లిని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. సుగుణ హెడ్‌సెట్ ఊపుకుంటూ హ్యాంగర్‌లోకి వచ్చి బల్ల మూల మీద కూర్చుంది. మంచు కొంచెం కదిలి వేదిక సగం బయటపడింది. సీతాపతి దాన్ని కాసేపు చూశాడు.

"నలభై అడుగులు తెలియడానికి విమానమే చాలినప్పుడు ఇదెందుకు కట్టారు? దీన్ని సూచించినది ఎవరు?"

వర్మ గారి పేరు నాయుడు నాలిక చివరిదాకా వచ్చింది. ఎండీ గారు కట్టించారనడం అబద్ధం కూడా కాదు. పక్కన సుగుణ కాళ్ళూపుతూ మొగుడి మొహంలోకే చూస్తోంది. నాయుడు గొంతు సవరించుకున్నాడు.

"నేనేనండి. వెటకారానికన్నాను. వెనక్కి తీసుకోలేదు."

సుగుణ కాళ్ళూపడం ఆగిపోయింది.

"నాకు ముందే తెలుసు" అన్నాడు సీతాపతి. "మినిట్స్ చూశాను. మీరేం చెబుతారో చూద్దామని అడిగాను."

నాయుడు ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. "సార్! ఇదే సార్ ఆ బొత్తాం! జవాబు తెలిసిన ప్రశ్న వేసి, సరిగ్గా చెబుతుందా లేదా అని చూడ్డం. ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఇదే!"

సీతాపతి కదలకుండా కూర్చున్నాడు. ఆయన మొహంలో ఏదో తెరుచుకోబోతున్నట్టే కనిపించింది. ఫ్లాస్కు మూత తీసి రెండు గుక్కలు తాగాడు. వేదికని చూశాడు, విమానాన్ని చూశాడు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని నింపాదిగా రాశాడు.

"సదరు అధికారిని పరీక్షించగా సరియైన జవాబే చెప్పెను. అయినను జెండా దొరకలేదు."